గాల్‌బ్లాడర్ కీహోల్ ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్ 92కి ఎందుకు దిగుతుంది? ఊపిరి కండరాన్ని మళ్ళీ పనిలో పెట్టేదెలా?

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్ళు, బరువు 72 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. పిత్తాశయంలో రాళ్ళకు కీహోల్ ఆపరేషన్ అయి రెండు రోజులు దాటింది. నిన్న ఇంటికి పంపారు. ఆపరేషన్‌కు ముందు ఆక్సిజన్ 97 ఉండేది. ఇప్పుడు పడుకుంటే 92–93, కూర్చుంటే 95 చూపిస్తోంది. జ్వరం లేదు, ఆయాసం లేదు. కుడి భుజం నొప్పి అంటోంది. ఊపిరి వ్యాయామానికి హాస్పిటల్లో ఇచ్చిన మూడు బంతుల పరికరంలో ఒక్క బంతే లేస్తోంది. ఆక్సిజన్ మిషన్ అద్దెకు తెచ్చి పెట్టాలా?

జవాబు:

మిషన్ సంగతి పక్కన పెట్టి ముందు అమ్మగారిని లేపి కుర్చీలో కూర్చోబెట్టండి. సగం జవాబు మీరు రాసిన అంకెల్లోనే ఉంది. ఒకే మనిషికి, ఒకే పూట, పడుకున్నప్పటికంటే కూర్చున్నప్పుడు రెండు మూడు పాయింట్లు పెరుగుతున్నాయంటే, ఊపిరితిత్తుల అడుగు భాగం గాలి అందక ముడుచుకుని ఉందనీ, లేచి కూర్చోగానే కొంత విచ్చుకుంటోందనీ చాలావరకు అనుకోవచ్చు. జ్వరం, ఆయాసం లేవు కాబట్టి అర్ధరాత్రి పరుగెత్తాల్సిన పరిస్థితిలా లేదు. అయితే ముందు 97 ఉన్న మనిషి 92కి దిగారు కాబట్టి ఈరోజే సర్జన్‌కు ఫోన్ చేసి రెండు అంకెలూ, ఏ భంగిమలో ఎంత ఉందో, చెప్పండి. వచ్చి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని ఆయన అంటే వెళ్ళండి. మనిషిని చూడకుండా రాసిన ఏ జవాబూ దానికి బదులు కాదు.

ఇక ఎందుకిలా అయిందో చెప్తాను. కారణం తెలిస్తేనే చేయాల్సిన పని ఓపిగ్గా చేయబుద్ధవుతుంది.

గాల్‌బ్లాడర్‌కు మామూలుగా పెట్టేవి నాలుగు రంధ్రాలు, 5 నుంచి 10 మిల్లీమీటర్లవి. పైన కోత చిన్నది కాబట్టి ఊపిరికి ఏమీ కాదనుకుంటాం. కానీ ఊపిరి తీసే ప్రధాన కండరం డయాఫ్రమ్. బడిలో ఉదరవితానం అని చదువుకున్నాం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉంటుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అది ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగడం వల్లే వస్తుంది. పిత్తాశయం ఉండేది సరిగ్గా ఆ గొడుగు కింద, కాలేయానికి ఆనుకుని. అక్కడ చెయ్యి పెడితే గొడుగుకు తెలియకుండా పోదు.

ఆపరేషన్ బల్ల మీద దానికి మూడు దెబ్బలు తగులుతాయి. మొదటిది మత్తు. మత్తులోకి వెళ్ళగానే కండరాల బిగువు సడలి డయాఫ్రమ్ పైకి జరుగుతుంది. ఊపిరి వదిలాక కూడా లోపల మిగిలి ఉండే గాలి నిల్వ దాదాపు అర లీటరు తగ్గుతుంది. పూర్తి మత్తు తీసుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా, ఊపిరితిత్తుల వీపు వైపు అడుగు భాగం కొంత ముడుచుకుంటుంది. రెండోది గ్యాస్. లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం పీడనం దగ్గర ఉంచుతారు. అది డయాఫ్రమ్‌ను ఇంకా పైకి తోస్తుంది. ఆ గ్యాస్‌లో కొంత రక్తంలో కరుగుతుంది, దాన్ని బయటికి పంపే బరువు కూడా ఊపిరితిత్తుల మీదే. ఈ రెండూ ఆపరేషన్ ముగిశాక గంటల్లో చాలావరకు సర్దుకుంటాయి.

మూడోదే అసలు సంగతి, ఎక్కువమందికి తెలియనిది కూడా అదే. పిత్తాశయం చుట్టూ లాగడం, కోయడం జరిగినప్పుడు లోపలి అవయవాల నరాల నుంచి మెదడు కాండానికి ఒక సంకేతం వెళ్తుంది. అక్కడి నుంచి డయాఫ్రమ్‌కు వచ్చే ఆదేశం తగ్గిపోతుంది. అంటే కండరం చచ్చుబడలేదు, అలిసిపోనూ లేదు. పై పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళలో మెడ దగ్గర ఫ్రెనిక్ నరాన్ని (డయాఫ్రమ్‌కు ఆదేశం తెచ్చే నరాన్ని) కరెంటుతో ప్రేరేపించి చూసినప్పుడు డయాఫ్రమ్ బాగానే ముడుచుకుంది. పని చేయమనే కబురే సరిగా రావడం లేదు. నొప్పి తగ్గించినంత మాత్రాన ఈ అణచివేత పోదు. వెన్నులో ఎపిడ్యూరల్‌గా మార్ఫిన్ జాతి మందు ఇచ్చి నొప్పి తీసేసినా డయాఫ్రమ్ కోలుకోలేదు. అదే చోట నరాల సంకేతాన్నే ఆపే లోకల్ మత్తుమందు ఇస్తే మాత్రం కొంత కోలుకుంది. అందుకే "నొప్పి లేదంటోంది కదా, మరి ఆక్సిజన్ ఎందుకు తగ్గింది" అన్న ప్రశ్నకు జవాబు నొప్పి దగ్గర దొరకదు.

డయాఫ్రమ్ మందగించినప్పుడు శరీరం పక్కటెముకల మధ్య కండరాలతో, మెడ కండరాలతో నెట్టుకొస్తుంది. ఊపిరి పైపైన, చిన్నగా, త్వరత్వరగా నడుస్తుంది. పై భాగాలకు గాలి వెళ్తుంది, అడుగుకు వెళ్ళదు. రక్తం మాత్రం అడుగు భాగానికే ఎక్కువ పారుతుంది. గాలి అందని చోట పారిన రక్తం ఆక్సిజన్ తీసుకోకుండానే తిరిగొచ్చి మంచి రక్తంలో కలుస్తుంది. మీ ఆక్సీమీటర్‌లో పడిపోయిన ఆ నాలుగు పాయింట్లు ఇవే.

ఎంతకాలం ఉంటుంది? పెద్ద కోతతో గాల్‌బ్లాడర్ తీసినప్పుడు, గట్టిగా పీల్చి వదలగలిగే గాలి మొదటి రోజు దాదాపు సగానికి పడిపోతుంది, కోలుకోవడానికి వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. కీహోల్‌లో తగ్గేది పావు వంతు ప్రాంతంలో, రెండు మూడు రోజుల్లో చాలావరకు తిరిగొస్తుంది. డయాఫ్రమ్ కదలిక ఒకటి రెండు రోజుల్లోనే మెరుగవుతుంది. హెర్నియా, అపెండిక్స్, గర్భసంచి లాంటి కింది పొట్ట కీహోల్ ఆపరేషన్లలో డయాఫ్రమ్ మీద ఈ ప్రభావం చాలా తక్కువ. కాబట్టి "మా పిన్నికి గర్భసంచి తీశారు, మర్నాడే తిరిగింది" అని పోల్చుకోవద్దు.

అమ్మగారి విషయంలో మరో రెండు ఉన్నాయి. ఒకటి వయసు. వయసు పెరిగేకొద్దీ సన్నటి గాలి గొట్టాలు తొందరగా మూసుకుపోయే గుణం పెరుగుతుంది. దాదాపు 45 ఏళ్ళు దాటిన మనిషికి వెల్లకిలా పడుకుంటే చాలు, మామూలు ఊపిరిలోనే అడుగున కొన్ని గొట్టాలు మూసుకుంటాయి. నిటారుగా ఉన్నప్పుడు ఆ స్థితి 65 ప్రాంతంలో గాని రాదు. 58 ఏళ్ళ మనిషిని పడుకోబెట్టడానికీ కూర్చోబెట్టడానికీ మధ్య తేడా ఇంత పెద్దది కావడానికి కారణం ఇదే. రెండోది బరువు. 152 సెంటీమీటర్లకు 72 కిలోలంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 31, అంటే ఎక్కువే. పడుకున్నప్పుడు పొట్ట బరువు డయాఫ్రమ్‌ను ఇంకా పైకి నెడుతుంది. ఇంట్లో అందరూ ప్రేమగా "ఆపరేషన్ ఒళ్ళు, కదలకు, పడుకో" అంటారు. ఆ ప్రేమే ఇక్కడ అపకారం చేస్తోంది.

మన దేశంలో కీహోల్‌తో గాల్‌బ్లాడర్ తీయడం 1990లో ముంబయి జేజే హాస్పిటల్లో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియాతో మొదలైంది. పెద్ద కోత రోజుల్లో రోగి వారం పాటు వార్డులోనే ఉండేవారు, ఊపిరి కండరం కోలుకునేది నర్సుల కళ్ళెదుటే. ఇప్పుడు ఒకటి రెండు రోజుల్లో పంపేస్తున్నారు. అది మంచిదే. కానీ కోలుకోవడంలో చివరి భాగం ఇంటికి మారింది. దాన్ని చూసుకోవాల్సింది మీరే అన్న మాట డిశ్చార్జి కాగితంలో చాలాసార్లు ఒక్క ముక్క కూడా ఉండదు. ఇది నిజంగా బాధపడాల్సిన లోటు.

ముందు ఆ అంకెను సరిగ్గా చూడండి. ఇంట్లో వాడే ఆక్సీమీటర్ రెండు పాయింట్లు అటూ ఇటూ చూపించడం మామూలే. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, వేలు వెచ్చగా ఉన్నప్పుడు పెట్టండి. చెయ్యి ఒళ్ళో ఆనించి ఉంచాలి, గాల్లో వేలాడకూడదు. అంకె రాగానే తీసేయకుండా నిమిషం ఆగి, నాడి అంకె నిలకడగా ఉన్నప్పటి శాతం రాసుకోండి. గోళ్ళ రంగు, నల్ల రంగు కలిపిన మెహందీ ఉంటే కాంతి సరిగా దాటదు, ఆ వేలు వదిలేయండి. బాగా చామనఛాయ లేదా నల్లని చర్మం ఉన్నవాళ్ళలో ఈ పరికరం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది, కాబట్టి 92 అంటే నిజంగా ఇంకాస్త తక్కువ కావచ్చని గుర్తుంచుకోండి. పొగ తాగేవాళ్ళలో కూడా అంతే. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ పట్టుకున్నట్టే లెక్కేస్తుంది.

97కూ 93కూ తేడా చిన్నది కాదా అంటే, 90 పైన ఉన్నంతకాలం శరీరానికి అందే ఆక్సిజన్‌లో తేడా నిజంగానే తక్కువ. కానీ 90 దగ్గర ఒక గట్టు ఉంది. అక్కడి నుంచి రక్తంలో ఆక్సిజన్ పీడనం కొంచెం తగ్గినా శాతం జారుడు బండ మీద జారినట్టు పడిపోతుంది. 92 దగ్గరున్న మనిషి ఆ గట్టు అంచున ఉన్నట్టు. నిద్రలోనో, దగ్గు పట్టినప్పుడో గట్టు దిగడానికి ఎక్కువ సమయం పట్టదు.

ఇప్పుడు మిషన్ సంగతి. ముక్కు గొట్టంతో నిమిషానికి రెండు లీటర్లు పెడితే అంకె 97 అవుతుంది, మీకు ధైర్యం వస్తుంది. లోపల ముడుచుకున్న భాగం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల్ని తెరిచి ఉంచేది ప్రధానంగా గాలిలోని నైట్రోజన్, ఎందుకంటే అది రక్తంలోకి త్వరగా పోదు. దాని చోట ఆక్సిజన్ ఎక్కువైతే, మూసుకున్న గొట్టం వెనకున్న గాలి ఇంకా తొందరగా పీల్చుకుపోయి ఆ సంచి ముడుచుకుంటుంది. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నా, బయటి నుంచి ఆక్సిజన్ పెట్టిన మనిషిలో ఆక్సీమీటర్ అంకె బాగానే ఉంటుంది. హెచ్చరిక గంట మోగకుండా ఆపేసినట్టవుతుంది. హాస్పిటల్లో డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే ఆక్సిజన్ వేరు. 90 కంటే తగ్గితే అది కావాల్సిందే, అప్పుడు మనిషి ఉండాల్సింది కూడా హాస్పిటల్లోనే.

చేయాల్సింది ఇది. పగలు మెలకువగా ఉన్నంతసేపూ వెల్లకిలా పడుకోనివ్వకండి. చేతులున్న కుర్చీలో వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టండి. మంచం మీదైతే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు, మోకాళ్ళ కింద చిన్న దిండు. మోకాళ్ళు కాస్త మడిస్తే పొట్ట కండరాల లాగుడు తగ్గి ఊపిరి లోతుగా దిగుతుంది. లేచేటప్పుడు నేరుగా పైకి లేవకుండా, పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద బరువు పెట్టి, కాళ్ళు కిందికి వదిలి లేవమనండి. ప్రతి రెండు గంటలకు అయిదు నుంచి పది నిమిషాలు ఇంట్లోనే నడిపించండి. నడక ఎందుకంటే, నడిచేటప్పుడు శరీరం తనంతట తానే లోతైన ఊపిరి అడుగుతుంది, చెప్పి చేయించనక్కర్లేదు. నా దృష్టిలో అన్ని పరికరాలకంటే నడకే మేలు.

గంటకొకసారి పది లోతైన ఊపిర్లు, అయిదు చేసి కాస్త ఆగి మరో అయిదు. చేతులు పొట్ట మీద కాకుండా రెండు పక్కల చివరి పక్కటెముకల మీద పెట్టమనండి. పై పొట్టలో రంధ్రాలున్నాయి కాబట్టి అక్కడ నొక్కితే ఊపిరి బిగబడుతుంది. ముక్కుతో మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా పీల్చి, పక్కటెముకలు చేతుల్ని బయటికి నెట్టడం గమనిస్తూ, నిండిందనుకున్నాక ఇంకో చిన్న గుక్క పీల్చి, మూడు సెకన్లు ఆపి, పెదాలు సున్నాలా చుట్టి వదలాలి. ఆ మూడు సెకన్ల ఆగడమే ఈ వ్యాయామంలో కీలకం. పక్క సంచుల నుంచి చిన్న దారుల గుండా ముడుచుకున్న సంచుల్లోకి గాలి జారడానికి సమయం కావాలి. తల తిరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా మరీ వేగంగా చేస్తున్నట్టు. ఆపి, రెండు నిమిషాల తర్వాత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి.

ఒక్క బంతే లేస్తోందని దిగులుపడకండి. ఆ పరికరం కొలిచేది గాలి పరిమాణాన్ని కాదు, వేగాన్ని. మామూలుగా దొరికే మూడు బంతుల దానిలో మొదటి బంతి లేవడానికి సెకనుకు 600 మిల్లీలీటర్ల వేగం కావాలి, రెండోదానికి 900, మూడోదానికి 1200. లెక్క వేసి చూడండి. ఒక్క బంతిని మూడు సెకన్లు పైనే నిలిపితే లోపలికి వెళ్ళిన గాలి 1.8 లీటర్లు. మూడు బంతుల్నీ అర సెకను ఎగరేసి వదిలేస్తే 600 మిల్లీలీటర్లు. అంటే ఒక్క బంతితో మూడు రెట్లు గాలి వెళ్ళింది. అమ్మగారి ఎత్తుకు, వయసుకు ఒక గుక్కలో 1.5 నుంచి 2 లీటర్లు పీల్చగలిగితే బాగానే ఉన్నట్టు. పైగా గట్టిగా లాగినప్పుడు మెడ, పై ఛాతీ కండరాలు పనిచేస్తాయి, డయాఫ్రమ్‌కు పని తగ్గుతుంది. కాబట్టి లక్ష్యం బంతుల సంఖ్య కాదు, ఒకటి లేదా రెండు బంతులు ఎన్ని సెకన్లు పైన నిలుస్తున్నాయన్నది. మనవడి చేత మూడు బంతులూ లేపించి "చూడు, ఇలా చేయాలి" అని చూపించడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. అది తప్పు పాఠం.

ఈ పరికరంతో మిగతా తప్పులు: పీల్చడానికి బదులు ఊదడం, ఇది అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. పరికరాన్ని వంచి పట్టుకోవడం, వంచితే బంతి తేలిగ్గా లేస్తుంది, మోసపోతాం. పడుకుని చేయడం. ముక్కుతో పీలుస్తూ నోట్లో గొట్టం పెట్టుకోవడం, అనుమానంగా ఉంటే ముక్కు నొక్కి చూడండి. పొద్దున్నే యాభై సార్లు చేసేసి రాత్రి దాకా ముట్టకపోవడం. విచ్చుకున్న భాగం గంట రెండు గంటల్లో మళ్ళీ ముడుచుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా రోజంతా చేయాలి. నోట్లో పెట్టుకునే గొట్టాన్ని రోజూ కడిగి ఆరబెట్టండి, ఇంకొకరికి ఇవ్వకండి. ఒక మాట నిజాయితీగా చెప్పాలి: పై పొట్ట ఆపరేషన్ల తర్వాత ఈ పరికరం ఒక్కటే వాడితే ఊపిరితిత్తుల సమస్యలు తగ్గుతాయనడానికి పరిశోధనల్లో గట్టి రుజువు దొరకలేదు. గంటగంటకూ గుర్తుచేసే వస్తువుగా అది పనికొస్తుంది. నడక, కూర్చోవడం, దగ్గు మానేసి బంతుల మీదే ఆధారపడితే లాభం లేదు.

భుజం నొప్పి దగ్గర ఒక చిక్కుముడి ఉంది. గొడుగు కింద మిగిలిపోయిన గ్యాస్ డయాఫ్రమ్ అడుగును చురుక్కుమనిపిస్తుంది. డయాఫ్రమ్‌కూ, భుజం మీది చర్మానికీ వచ్చే నరాలు మెడలో ఒకే చోట పుడతాయి కాబట్టి మెదడు ఆ నొప్పిని భుజానిదిగా అనుకుంటుంది. కూర్చుంటే గ్యాస్ పైకి చేరి నొప్పి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. అందుకని అమ్మగారు పడుకునే ఉంటారు, పడుకుంటే ఆక్సిజన్ తగ్గుతుంది. ఈ ముడి విప్పాలంటే పూర్తిగా నిటారుగా కాకుండా 30 డిగ్రీల వాలుతో మొదలుపెట్టండి. పదిహేను నిమిషాల చొప్పున కూర్చోబెట్టి, మధ్యలో పక్కకు తిప్పి పడుకోబెట్టండి. భుజానికి గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు. గ్యాస్ రక్తంలో కరిగి పోతుంది, రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గాలి. నొప్పి ఎడమ చేతికి, దవడకు పాకినా, చెమటలు పట్టినా అది గ్యాస్ అనుకోవద్దు. వెంటనే ఈసీజీ తీయించాలి.

దగ్గు గురించి. పొట్ట కండరాలు గట్టిగా ముడుచుకుంటేనే దగ్గుకు బలం వస్తుంది. రంధ్రాల దగ్గర నొప్పి వల్ల చాలామంది గొంతుతోనే చిన్నగా దగ్గి ఊరుకుంటారు. కఫం కదలదు. చిన్న దిండును పొట్టకు గట్టిగా అదుముకుని, కాస్త ముందుకు వంగి, ముందు నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టేలా "హా" అని రెండు మూడు సార్లు బలంగా వదలాలి. తర్వాత ఒక్క గట్టి దగ్గు. కుట్లు తెగుతాయన్న భయం వద్దు, దిండు అదిమితే ఆ బలం దాని మీద పడుతుంది. దగ్గును అణచే సిరప్‌లు ఈ రోజుల్లో ఇవ్వకండి. కఫం లోపలే ఉండిపోతుంది.

నొప్పి మాత్రలు అడిగితే ఇవ్వడం కాకుండా, డాక్టరు రాసిన వేళకు ఇవ్వండి. వీలైతే వ్యాయామానికి అరగంట ముందు. ఇక్కడ జరిగే పొరపాటు పారాసిటమాల్ రెండుసార్లు పడిపోవడం. 650 మాత్ర ఒకటి వేస్తూనే, అసిక్లోఫెనాక్‌తోనో ట్రమడాల్‌తోనో కలిపిన మాత్ర ఇంకొకటి వేస్తారు. ఆ రెండోదానిలో కూడా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. చిన్న శరీరం, కాలేయ సమస్య ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువ. మూత్రపిండాల సమస్య, కడుపులో పుండు ఉంటే డైక్లోఫెనాక్ జాతి మాత్రలు డాక్టర్ని అడగకుండా వద్దు. నిద్ర పట్టడం లేదని అల్ప్రజోలం లాంటి పాత మాత్ర వేయకండి. ట్రమడాల్‌తో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

రాత్రి వేళ ప్రత్యేకంగా చూడాలి. ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి చెదిరిన గాఢ కలల నిద్ర రెండు, మూడు, నాలుగో రాత్రుల్లో ఎక్కువై తిరిగొస్తుంది. ఆ దశలో గొంతు కండరాలు బాగా సడలుతాయి. మామూలుగానే పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే అలవాటున్నవాళ్ళకు ఆక్సిజన్ అప్పుడు పడిపోతుంది. అమ్మగారికి గురక ఉంటే తల ఎత్తు చేసి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఒంటిగంటకు, నాలుగింటికి ఒకసారి వేలు పెట్టి చూడండి. సీప్యాప్ యంత్రం (నిద్రలో గొంతు మూసుకోకుండా మాస్కుతో గాలి నెట్టేది) ముందు నుంచీ వాడేవాళ్ళు ఇంట్లోనూ మానకూడదు.

పొట్టకు గుడ్డో బెల్టో బిగించి కట్టడం మనవైపు అలవాటు. గాల్‌బ్లాడర్ కీహోల్‌కు మామూలుగా అది అక్కర్లేదు. కట్టుకుంటే ధైర్యంగా ఉందంటే బొడ్డు చుట్టూ, రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టండి. పక్కటెముకల మీదకు రానివ్వకండి. అన్నం ఒక్కసారి కడుపునిండా కాకుండా కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టండి. ఉబ్బిన పొట్ట కూడా డయాఫ్రమ్‌ను తోస్తుంది. మలబద్ధకం ఉంటే డాక్టరుతో చెప్పి దానికి మందు అడగండి. ఆవిరి పట్టడం గొంతుకు హాయిగా ఉంటుంది గానీ ముడుచుకున్న ఊపిరితిత్తిని విప్పదు.

ఇక ఆగకూడని పరిస్థితులు. నిటారుగా కూర్చోబెట్టి పది ఊపిర్లు తీయించాక కూడా 92 కంటే తక్కువే ఉంటే అదే రోజు హాస్పిటల్. 90 కంటే తగ్గితే 108కి ఫోన్. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషం పాటు లెక్కపెడితే ఊపిర్లు 25 లేదా అంతకంటే ఎక్కువున్నా, నాడి 110 దాటి నిలిచినా, 101 డిగ్రీల జ్వరం వచ్చినా, మాట తికమకగా ఉన్నా, మగతగా లేపినా లేవకపోయినా అంతే. ఊపిరి తీస్తే పొడిచినట్టు ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పిగా ఉండటం అంటే కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా పిక్క మర్దన చేయకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. కళ్ళు పచ్చబడటం, రోజురోజుకూ పొట్ట నొప్పి పెరగడం పైత్యరసం కారుతున్న గుర్తు కావచ్చు. అది కూడా డయాఫ్రమ్‌ను రేపి ఊపిరిని పైపైకి తెస్తుంది. వీటన్నిటికంటే తేలికైన గుర్తు దిశ. మామూలుగా ముడుచుకున్న ఊపిరితిత్తి అయితే అంకె నేటికంటే రేపు మెరుగ్గా ఉండాలి. మెరుగై మళ్ళీ పడిందంటే న్యుమోనియానో, నీరు చేరడమో, మరేదో ఉంది, ఎక్స్‌రే కావాలి.

ముందు నుంచీ ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకు ఈ అంకెలు వర్తించవు. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్ళలో, బీడీ, చుట్ట తాగినవాళ్ళలో మామూలు అంకే 92–93 ఉండొచ్చు. వాళ్ళలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువ పెడితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది కాబట్టి డాక్టర్లు 88–92 దగ్గరే ఉంచుతారు. అందుకే ఆపరేషన్‌కు ముందు, ఆక్సిజన్ పెట్టకుండా, మామూలు గాలిలో ఎంత ఉందో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ముందున్న ఆ అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం లేదు.

ఇది చదువుతూ ఆపరేషన్ ఇంకా ముందున్నవాళ్ళకు రెండు మాటలు. ఊపిరి వ్యాయామం నేర్చుకోవాల్సింది ఆపరేషన్‌కు ముందు, నొప్పి, మత్తు లేనప్పుడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పెద్ద కోతతో పై పొట్ట ఆపరేషన్ చేయించుకున్న 441 మందిపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ముందుగా ఫిజియోథెరపిస్టు ఒక్కసారి అరగంట కూర్చోబెట్టి నేర్పితే ఊపిరితిత్తుల సమస్యలు 27 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. కీహోల్‌లో ముప్పు అంతకంటే తక్కువ కాబట్టి లాభమూ అంత ఉండకపోవచ్చు, అయినా అరగంటకు పోయేదేమీ లేదు. పొగ కనీసం నాలుగు వారాల ముందు మానాలి, కుదరకపోతే ముందు రోజైనా మానండి, రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ ఒక్క రోజులోనే చాలావరకు పోతుంది. నెలలోపు జలుబు, దగ్గు, జ్వరం వచ్చి ఉంటే, హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువుంటే, గురక ఉంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆపరేషన్ చివర కండరాలు సడలించిన మందు పూర్తిగా దిగిందో లేదో నరాన్ని ప్రేరేపించే చిన్న పరికరంతో కొలుస్తారా అని కూడా అడగండి. ఆ మందు కొంచెం మిగిలి ఉన్నా గొంతు, ఊపిరి కండరాలు బలహీనంగానే ఉంటాయి, బయటికి మాత్రం మనిషి మేలుకున్నట్టే కనిపిస్తారు.

మీ దగ్గరకే వస్తే, ఒక నోటు పుస్తకంలో రోజూ పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు మూడు అంకెలు రాయండి: పడుకున్నప్పుడు ఆక్సిజన్, కూర్చుని పది ఊపిర్లు తీశాక ఆక్సిజన్, నిమిషానికి ఊపిర్లు. పడుకున్నప్పటి అంకె, కూర్చున్నప్పటి అంకె ఒకదానికొకటి దగ్గరవుతూ నాలుగైదు రోజుల్లో 96 ప్రాంతానికి చేరాలి. చేరాక గంటగంటా వ్యాయామం తగ్గించి రోజుకు నాలుగుసార్లు చేయించండి, నడక మాత్రం ఆపకండి. కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం సర్జన్ చేతికి ఇవ్వండి.